బొమ్మను తిరగేసేది ఎవరు?

చిరంజీవికి,

కంటి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం తేలిగ్గా నడుస్తోంది, పాఠకుడిని పరిభాషతో బెదిరించలేదు. సంతోషం. ఇక పోట్లాటకు వస్తాను.

"కన్ను కెమెరా వంటిది. రెటీనా మీద తలకిందులుగా పడిన బొమ్మను మెదడు తిరగేసి చూస్తుంది" అని రాశావు. మొదటి మాట అరిగిపోయిందే గాని తప్పు కాదు. తలకిందుల బొమ్మ రెటీనా మీద, అంటే కంటి లోపల వెనక ఉండే పొర మీద, ఏర్పడుతుందని 1604లోనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ వివరించాడు. అక్కడితో ఆగాడు కూడా. ఆపైన జరిగేది ప్రకృతి తత్వవేత్తలు చూసుకోవాలన్నాడు. అంతటివాడు ఆగిన చోట నువ్వు ఆగకుండా, కెమెరాను భుజాన వేసుకుని మెదడులోకి నడిచావు. తిరగేసిన బొమ్మను లోపల కూర్చుని చూసేది ఎవరు? వాడికీ ఒక కన్ను కావాలి కదా! కంటి నుంచి మెదడుకు పోయే నాడి వెంట బొమ్మ వెళ్లదు. విద్యుత్ స్పందనలు వెళతాయి, వాటికి పైనా కిందా అంటూ లేవు.

నీ వ్యాసం అసలు మొదలు కావలసింది రెటీనా దగ్గర. అర మిల్లీమీటరుకు మించని పొర అది. పిండంలో మెదడు నుంచే పుట్టుకొస్తుంది. కాంతిని పట్టే కణాలు అందులో వెనక వరసలో ఉంటాయి. ఇంకా విచిత్రమేమిటంటే, ఆ కణాలు చీకట్లో ఎడతెగకుండా గ్లూటమేట్ అనే రసాయనాన్ని వదులుతుంటాయి, వెలుతురు పడగానే తగ్గించేస్తాయి. వెలుగు కబురు ఒక తగ్గుదలతో మొదలవుతుందన్నమాట! ఇంత గొప్ప సంగతికి నువ్వు అర వాక్యం ఇచ్చావు. ఒక పేరా ఇవ్వు, తొందరపడకు. ఆ కణాలు సుమారు 10 కోట్లయితే, మెదడుకు వెళ్లే దృక్‌నాడిలో తంతువులు సుమారు 10 లక్షలే. కనక వడపోత అంతా కంటిలోనే మొదలవుతుంది. ఒకే తీరుగా ఉన్న తెల్లగోడ గురించి రెటీనా పెద్దగా ఏమీ చెప్పదు. ఆ గోడ మీద పాకే బల్లి గురించి చెబుతుంది.

నాడీ సందేశం "మెరుపు వేగంతో" పోతుందన్న మాట కొట్టెయ్యి. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో కొలిస్తే సెకనుకు సుమారు 30 మీటర్లే తేలింది. మన ఎక్స్‌ప్రెస్ రైలు దాన్ని అందుకోగలదు. మనిషిలో వేగంగా నడిచే నాడులు దీనికి మూడు నాలుగు రెట్లు ఉంటాయి, అంతే.

పాఠకుడి చేత పని చేయించు. కాగితం మీద 8 సెంటీమీటర్ల ఎడంగా పక్కపక్కనే రెండు చుక్కలు పెట్టమను. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ చుక్కనే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తీసుకొస్తే, ఒక చోట కుడి చుక్క మాయమవుతుంది. దృక్‌నాడి బయటికి వెళ్లే ఆ చోట కాంతిని పట్టే కణాలు లేవు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో మారియట్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన అంధబిందువు ఇదే. ఇన్నేళ్లూ మన చూపులో చిల్లు ఉన్నట్టు ఎవరికీ తోచకపోవడం గురించి రాయి. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడు ఆ ఖాళీని పూరిస్తోంది. అద్దంలో ఒక కంటి నుంచి ఇంకో కంటికి చూపు మార్చమని కూడా చెప్పు. కళ్లు కదలడం పక్కవాళ్లకు కనబడుతుంది గాని మనకు కనబడదు. చూపు గెంతే ఆ క్షణంలో మెదడు దృష్టిని అణచిపెడుతుంది. కెమెరా పోలికకు ఇక్కడ చోటెక్కడ?

రేచీకటి పేరా బాగుంది, ముట్టుకోకు. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలకు విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినాల్ కావాలన్నది సరిగ్గా రాశావు. కాని దాని వెంటనే క్యారెట్ తింటే కళ్లజోడు అక్కర్లేదన్న వాక్యం ఎందుకు వచ్చింది? దూరపు చూపు మసకబారేది చాలామందిలో కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల. ఆ క్యారెట్ వాక్యం తీసేసి రెండో ప్రతి పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు