డీలర్‌షిప్‌లో ఆటోమేటిక్ కార్ వాష్: బ్రోచర్ పక్కన పెట్టి ముందు చూసుకోవలసినవి

మన వాళ్ళు ఐటీ వదిలేసి అమెరికాలో కార్ల డీలర్‌షిప్‌లో వాటా తీసుకోవడమో, సర్వీస్ మేనేజర్‌గా చేరడమో ఇప్పుడు వింతేమీ కాదు. కుర్చీలో కుదురుకున్నాక అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. కార్లు చేత్తో కడిగిస్తున్నాం, పనివాళ్ళు నిలవడం లేదు, మెషిన్ పెడదామనుకుంటున్నాం, ఏది మంచిదండీ? ఈ ప్రశ్నకి సేల్స్‌మన్ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. కాబట్టి ఆయన్ని పిలిచేలోపు మీ లెక్క మీరు తీసి పెట్టుకోండి.

నెలకి ఎన్ని కార్లు కడుగుతాం అన్న లెక్క ఎందుకూ కొరగాదు. ఏ గంటలో ఎన్ని అన్నదే లెక్క. పొద్దున సర్వీసుకి వచ్చిన బళ్ళన్నీ సాయంత్రం నాలుగు, ఆరు మధ్య ఒక్కసారే బయటికి పోవాలి. శనివారమైతే కొత్త కార్ల డెలివరీలు కూడా వీటికి తోడవుతాయి. కారు కదలకుండా నిలబడితే మెషినే దాని మీదుగా ముందుకీ వెనక్కీ తిరిగే రకాన్ని రోల్‌ఓవర్ అంటారు. ఆరబెట్టడంతో కలిపి ఒక్కో కారుకి ఆరేడు నిమిషాలు పడుతుంది, అంటే గంటకి ఎనిమిదో పదో. రోజుకి 60 కార్లని పది గంటలకి పంచి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. ఆ 60లో 35 ఆ రెండు గంటల్లోనే కావాలంటే మాత్రం క్యూ పార్ట్స్ కౌంటర్ దాకా వస్తుంది. ఆయిల్ మార్చడానికి పట్టిన టైమ్ కంటే కడగడానికే ఎక్కువ పట్టిందని కస్టమర్ సర్వేలో రాసేస్తాడు.

కన్వేయర్ మీద కారే కదిలే టన్నెల్ రకం చిన్నదైనా సరే గంటకి 30 బళ్ళు లాగేస్తుంది. కాకపోతే పొడుగాటి స్థలం కావాలి, కార్లని వరస తప్పకుండా ఎక్కించే మనిషి కావాలి. రద్దీ గంటలో పదిలోపు ఉంటే ఒక రోల్‌ఓవర్ చాలు. ఇరవై దాటితే టన్నెల్ గురించి ఆలోచించండి. మధ్యలో ఉంటే, స్థలం ఉన్నవాళ్ళకి నేను చెప్పేది పక్కపక్కన రెండు రోల్‌ఓవర్లు పెట్టుకోమని. ఒకటి మొరాయించినా రెండోది నడుస్తూ ఉంటుంది.

ఇక బ్రష్షా, టచ్‌లెస్సా అన్న వాదన. బ్రష్ అనగానే గీతలు పడతాయని మనవాళ్ళకి భయం. పాతకాలపు నైలాన్ బ్రష్షుల విషయంలో ఆ భయం న్యాయమే. ఇప్పుడు బ్రష్షులకి వాడే క్లోజ్డ్ సెల్ ఫోమ్ (స్పాంజిలా మెత్తగా ఉండే పదార్థం) నీళ్ళు పీల్చదు, ఇసుకని కూడా లోపల దాచుకోదు. టచ్‌లెస్‌లో బ్రష్ తగలకుండా ప్రెషర్‌తో నీళ్ళు కొడతారు కానీ అసలు పని చేసేది కెమికల్. ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం, రెండూ ఘాటైనవే. అయినా రోడ్డు మీద పొగ, నూనె, దుమ్ము కలిసి పెయింట్‌కి అంటుకునే సన్నటి పొర రాపిడి లేకుండా పూర్తిగా వదలదు. కావాలంటే మామూలు కారొకటి టచ్‌లెస్‌లో కడిగించి, ఆరాక వెనక డోర్ కింది భాగం మీద వేలు పెట్టి రాయండి. వేలికి బూడిదరంగు అంటుకుంటుంది. లాట్‌లో, అంటే కార్లు నిలిపే ఆరుబయట, ఊరికే నిలబడి దుమ్ము పట్టిన కొత్త కార్లకి టచ్‌లెస్ చాలు. సర్వీసుకొచ్చే బళ్ళకి ఫోమ్ బ్రష్ ఉండాలి. రెండూ చేసే హైబ్రిడ్ మెషిన్లు ఉన్నాయి, డీలర్‌షిప్‌కి నా ఓటు వాటికే. మ్యాట్ పెయింట్ కార్లకి మాత్రం బ్రష్షూ వద్దు, వ్యాక్సూ వద్దు, వాటికో బటన్ విడిగా ఉండేలా ప్రోగ్రామ్ చేయించుకోండి.

కొలతల దగ్గర సగటు కారుని కాకుండా మీ దగ్గరికి వచ్చే అన్నిటికంటే పెద్ద బండిని టేపు పెట్టి కొలవండి. ఫోర్డ్ డీలర్ అయితే హై రూఫ్ ట్రాన్సిట్ వ్యాన్ 9 అడుగులు దాటుతుంది. వెనక నాలుగు చక్రాల పికప్ వెడల్పు 8 అడుగులు. చాలా మెషిన్లలో ఇవి పట్టవు. పట్టకపోతే పట్టవనే రాసి, వాటిని చేత్తో కడిగే మూల ఒకటి ఉంచుకోవాలి.

ఈ మధ్య వచ్చిన తలనొప్పి బళ్ళలోని ఎలక్ట్రానిక్స్. టన్నెల్‌లో కారు న్యూట్రల్‌లో ఉండాలి. ఇప్పటి కార్లు చాలావాటిలో డ్రైవర్ తలుపు తీస్తే గేర్ దానంతటదే పార్క్‌లోకి పోతుంది, ఆటో హోల్డ్ బ్రేక్ పట్టేస్తుంది, వాన అనుకుని వైపర్లు ఫోమ్ బ్రష్షులకి అడ్డంగా తిరుగుతాయి. టెస్లా 2021లో ఇందుకోసమే కార్ వాష్ మోడ్ ఇచ్చింది. అది అద్దాలు మూసి, ఛార్జ్ పోర్ట్‌కి తాళం వేసి, వైపర్లు ఆపుతుంది. కన్వేయర్ కోసం ఫ్రీ రోల్ అని మరో బటన్ ఉంటుంది. మీకో సౌలభ్యం ఏమిటంటే, వచ్చే కార్లలో ఎక్కువ భాగం మీ బ్రాండువే. ఏ మోడల్‌కి ఏం నొక్కాలో ఒక కాగితం మీద రాసి లామినేట్ చేయించి గోడకి అంటించేయండి.

మెషిన్ మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా నీళ్ళ మీద పెట్టరు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే. నీళ్ళు కఠినంగా ఉంటే షాంపూ నురగ రాదు, కెమికల్ బిల్లు పెరుగుతుంది. అందుకని ఆ కఠినత్వం తీసే సాఫ్ట్‌నర్ ఉండాలి. ఆఖరి రిన్స్‌కి ఆర్‌ఓ నీళ్ళు ఉండాలి. లేదంటే లాట్‌లో ఎండకి నిలబెట్టిన నల్ల కారు మీద ప్రతి చుక్కా ఒక తెల్ల వలయం వదులుతుంది, ఎండకి కాలిన కొద్దీ అది పెయింట్‌లోకి దిగుతుంది. కొత్త కారు కొనడానికి వచ్చినవాడు మొదట చూసేది ఆ బానెట్టే. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చూపే, జేబులో పట్టే టీడీఎస్ మీటర్ ఒకటి కొని రిన్స్ నీళ్ళని మీరే కొలవండి, 50 పీపీఎమ్ లోపు ఉంటే నిశ్చింత. ఆర్‌ఓ ముందు కార్బన్ ఫిల్టర్ లేకపోతే క్లోరిన్ దాని మెంబ్రేన్‌ని తినేస్తుంది. ఆర్‌ఓ వదిలేసే నీళ్ళని డ్రెయిన్‌లో పోయకుండా ట్యాంకులో పట్టి మొదటి కడుగుకి వాడుకోవచ్చు.

కార్లు కడిగాక నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది ఇంకా ముఖ్యం. వాననీళ్ళు పోయే స్టార్మ్ డ్రెయిన్ నేరుగా చెరువులోకో నదిలోకో పోతుంది. కార్లు కడిగిన నీళ్ళు అందులోకి వదిలితే 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ కింద జరిమానాలు పడతాయి. మురుగు లైనులోకే వదలాలి. దానికి ముందు ఇసుక, నూనె ఆపే పిట్‌లు కట్టాలి, సిటీ పర్మిట్ తీసుకోవాలి. ఆ పర్మిట్ వచ్చేదాకా మెషిన్‌కి అడ్వాన్స్ కట్టకండి. వాడిన నీళ్ళని మళ్ళీ తిప్పే రిక్లెయిమ్ సిస్టమ్ పెడితే నీటి బిల్లూ, దాంతోపాటే వచ్చే సివర్ (మురుగు) బిల్లూ తగ్గుతాయి. ఇంటర్నేషనల్ కార్ వాష్ అసోసియేషన్ వారి వాటర్ సేవర్స్ గుర్తింపుకి కారుకి 40 గ్యాలన్ల కంటే ఎక్కువ కొత్త నీళ్ళు వాడకూడదు, బేరంలో ఆ అంకె అడగండి. రిక్లెయిమ్ నీళ్ళు చక్రాలకీ అడుగు భాగానికీ మాత్రమే. ఓజోనో, గాలి ఊదడమో లేకపోతే వారంలో షోరూమ్ దాకా కంపు కొడుతుంది.

కరెంటుకి త్రీ ఫేజ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కరెంటు ఎక్కువ తాగేవి కారుని ఆరబెట్టే బ్లోయర్లే, చప్పుడూ వాటిదే. సర్వీస్ అడ్వైజర్ల గది గోడ పక్కన పెట్టకండి. చలి ప్రాంతమైతే బేలో (మెషిన్ ఉండే గదిలో) నేల కింద వేడి పైపులు కాంక్రీట్ పోయకముందే వేయించుకోవాలి.

వాష్‌టెక్, ఇస్టోబాల్, పీడీక్యూ, సోనీస్ లాంటి పేర్లు వింటారు. పెద్ద కంపెనీలే, మెషిన్లు బాగానే ఉంటాయి. కానీ ఆగిపోయిన రోజు మీ దగ్గరికి వచ్చేది కంపెనీ కాదు, మీ ప్రాంతపు డిస్ట్రిబ్యూటర్ పంపే టెక్నీషియన్. ఆయన ఎంత దూరంలో ఉన్నాడు, వ్యాన్‌లో ఏ విడిభాగాలు పెట్టుకుని తిరుగుతాడు అని అడగండి. మూడేళ్ళుగా అదే మెషిన్ నడుపుతున్న డీలర్‌షిప్‌కి వెళ్ళండి. అక్కడ మేనేజర్‌ని పలకరించి వచ్చేయకుండా, పొద్దున నాజిళ్ళు శుభ్రం చేసే కుర్రాడితో మాట్లాడండి. మెషిన్ నెలకి ఎన్నిసార్లు ఆగుతుందో అతనికే తెలుసు.

మెషిన్ తక్కువకిస్తాం, కెమికల్ మా దగ్గరే కొనాలి అనే ఒప్పందాలు వస్తాయి. కారుకి కెమికల్ ఖర్చు ఎంతో అంకె రాయించుకోకుండా సంతకం పెట్టకండి. మీ కార్ల కంపెనీ త్వరలో షోరూమ్ రూపురేఖలు మార్చమని అడగబోతోందేమో కూడా కనుక్కోండి, కట్టిన బేని రెండేళ్ళకే కూలగొట్టాల్సి రావచ్చు. బిల్డింగ్ లీజుది అయితే నేల తవ్వడానికి యజమాని అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు ఆ గుంతలు పూడ్చే ఖర్చు ఎవరిదో అదే కాగితంలో రాయించుకోండి.