సామూహిక విధ్వంసక ఆయుధాలే లేనప్పుడు ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ ఐక్యరాజ్యసమితి తనిఖీలకు ఎందుకు అడ్డుపడ్డాడు?

ముఖ్యంగా ఇరాన్ భయం. ఎనిమిదేళ్లు యుద్ధం చేసిన పొరుగు దేశానికి తన బలహీనత తెలియకూడదనుకున్నాడు. పట్టుబడ్డాక ఎఫ్‌బీఐ విచారణలో తనే ఈ మాట చెప్పాడు.

అసలు పొరపాటు 1991లోనే జరిగింది. ఆ వేసవిలో చాలా ఆయుధాల్ని ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందానికి చెప్పకుండా గుట్టుగా ధ్వంసం చేయించాడు. సరైన రికార్డులు ఉంచలేదు. దాంతో 2002 డిసెంబరులో దాదాపు 12,000 పేజీల నివేదిక ఇచ్చినా, ఆంత్రాక్స్ క్రిములు, వీఎక్స్ విషరసాయనం ఏమయ్యాయని ఐక్యరాజ్యసమితి తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ బృందం అడిగితే గట్టి రుజువు చూపలేకపోయాడు. అమెరికా మహా అయితే 1998లోలాగా నాలుగు రోజులు బాంబులేసి ఊరుకుంటుందనుకున్నాడు. ఘోరమైన అంచనా అది.

అలాగని 2003 ఇరాక్ యుద్ధానికి నిందంతా అతనిమీదే వేయడం నా దృష్టిలో అన్యాయం. తనిఖీల పని పూర్తికి ఇంకొన్ని నెలలు పడుతుందని 2003 మార్చి 7న బ్లిక్స్ భద్రతా మండలికి చెప్పాడు. రెండు వారాలు తిరక్కుండానే అమెరికా దాడి మొదలైంది.