మాటలు రాని బాబుతో ఇంట్లో తెలుగు మానేయాలా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నారు, బాబుకి 26 నెలలు, రెండు మూడు మాటలకి మించి రాలేదు, పేరు పెట్టి పిలిస్తే తిరగడు. స్పీచ్ థెరపిస్టు ఇంట్లో తెలుగు ఆపేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారు. ఆపాలా అని.

ఆపకండి. రెండు భాషలు చెవిన పడితే మాటలు ఆలస్యమవుతాయన్నది పాత అపోహ. ఆటిజం ఉన్న పిల్లల మీద చేసిన పరిశోధనల్లోనూ అది నిలబడలేదు. ఇల్లంతా ఇంగ్లీషుకి మారితే ముందు అమ్మమ్మ నోరు మూతపడుతుంది. అమ్మానాన్నల మాటలు "కమ్, సిట్, ఈట్, నో"ల దగ్గర ఆగిపోతాయి. స్నానం చేయిస్తూ, అన్నం కలుపుతూ చెప్పే కబుర్లు పోతాయి. లెక్క వేసి చూడండి: వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం గంటన్నర. బాబు రోజుకి 12 గంటలు మేలుకుని ఉంటే వారానికి 84 గంటలు. పని జరగాల్సింది ఆ మిగిలిన గంటల్లో, మీకు నోరారా వచ్చిన భాషలో.

చెవి పరీక్ష అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే మిగతావన్నీ దాని తర్వాతే. తలుపు చప్పుడుకి తిరుగుతున్నాడు కదా అని చాలామంది వదిలేస్తారు. కొన్ని రకాల వినికిడి లోపంలో పెద్ద చప్పుళ్ళు వినపడతాయి, స, శ లాంటి సన్నని శబ్దాలు జారిపోతాయి. ఓఏఈ (లోపలి చెవి స్పందన చూసేది), బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో చూసేది) అనే రెండు పరీక్షలూ చేయించండి. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఆడియాలజీ (వినికిడి) విభాగం ఉంది, మైసూరు వెళ్ళగలిగితే వినికిడి, మాటల సంస్థ ఆయిష్ ఉంది. ఈ వయసు పిల్లలకి బెరా నిద్రలోనే చేస్తారు కాబట్టి ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో కారులో కునుకు తీయకుండా చూసుకోండి. అక్కడ నిద్రపోకపోతే ఆ రోజు దండగ.

పేరు సంగతి కూడా చూసుకోండి. మన ఇళ్ళలో బిడ్డని బుజ్జీ, కన్నా, నాన్నా అని పిలుస్తాం. క్లినిక్కులో ఫైల్లో ఉన్న పేరుతో పిలుస్తారు. వాడు ఎప్పుడూ వినని పేరుకి తిరగకపోతే కాగితం మీద "స్పందన లేదు" అని పడుతుంది. ఇంట్లో ఏ పేరుకి అలవాటుపడ్డాడో ముందే చెప్పండి. అలాగే బువ్వ, చీచీ, దా లాంటివి తెలుగు రానివాళ్ళు మాటలుగా లెక్కపెట్టరు. తింటున్నప్పుడు, ఆడుతున్నప్పుడు, టీవీ ఆపేసి వెనకనుంచి మామూలు గొంతుతో పిలిచినప్పుడు రెండేసి నిమిషాల వీడియోలు మూడు తీసి పట్టుకెళ్ళండి. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం అనుమానం ఉందేమో చూడటానికి ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది, అదీ అడిగి చేయించండి. 3 నుంచి 7 మార్కులు వస్తే మరికొన్ని ప్రశ్నలు అడుగుతారు, 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నేరుగా పూర్తి పరీక్షకి పంపుతారు. అది రోగనిర్ధారణ కాదు, వడపోత మాత్రమే. నిర్ధారణ కాగితం చేతికొచ్చేదాకా థెరపీ ఆపనక్కర్లేదు.

ఇంట్లో ఏం చేయాలంటే, ఒక్కటి చెబుతాను. మూత బిగుతుగా ఉండే పారదర్శక డబ్బాలో వాడికిష్టమైన జంతికలు చిన్న ముక్కలుగా తుంచి వేయండి. వాడి కళ్ళకి ఎదురుగా, నేల మీద కూర్చోండి. ఒక ముక్క ఇవ్వండి, డబ్బా మూసేయండి, నోరు మూసుకుని మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. కష్టమైన భాగం ఇదే, మూడు లెక్కపెట్టేలోపే పెద్దవాళ్ళు మాట్లాడేస్తారు. వాడు చెయ్యి చాపినా, డబ్బా మీ వైపు నెట్టినా, మీ మొహం చూసినా అదే అడగడం. వెంటనే "ఇవ్వు" అని వాడి తరఫున మీరే అని, అదే క్షణంలో ముక్క ఇచ్చేయండి. పూటకి ఐదారుసార్లు చాలు. ఏడ్చేదాకా ఆపితే ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటాడు.

"ఇవ్వు"లోనూ చిక్కుంది. నాన్న "ఇవ్వు" అని, నానమ్మ "ఇయ్యి" అని, రాయలసీమ తాతయ్య "ఈ" అని అంటే వాడికవి మూడు మాటలు. మొదటి రెండు నెలలు ఇంటిల్లిపాదీ ఒక్కటే పట్టుకోండి. ఇంకో పొరపాటు: "నీళ్ళు కావాలా?" అని అడిగి అడిగి గ్లాసు ఇస్తాం. విన్నది విన్నట్టు తిప్పి చెప్పే పిల్లాడు దాహమేసినప్పుడల్లా "కావాలా" అనడం మొదలుపెడతాడు. తెలుగులో ప్రశ్నకీ కోరికకీ తేడా చివరి అచ్చు ఒక్కటే కదా. గ్లాసు ఇచ్చేటప్పుడు "నీళ్ళు కావాలి" అనండి, వాడు అనాల్సిన రూపంలోనే. "ఇదేంటి? చెప్పు, చెప్పు" అనే పరీక్షలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఫోన్లో ఇంగ్లీషు రైమ్స్ పదిసార్లు పాడి, నీళ్ళు అడగలేని పిల్లలు చాలామంది కనిపిస్తారు. అది పాట గుర్తుండటం, మాట రావడం కాదు.

ఉప్పుమూట ఆట కూడా మంచిది. వీపు మీద ఎక్కించుకుని నాలుగడుగులు వేసి ఆగిపోండి. వాడు కదిలి అడిగితేనే మళ్ళీ నడవండి.

థెరపిస్టుకి తెలుగు రాకపోతే 15 మాటలు ఒక నోటుబుక్కులో కన్నడలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసివ్వండి: ఇవ్వు, ఇంకా, దా, పో, ఎత్తుకో, అయిపోయింది... ప్రతి మాటకీ ఒక సైగ కూడా అనుకోండి. అక్కడ "వాటర్" అన్నా ఇక్కడ "నీళ్ళు" అన్నా సైగ ఒకటే అయితే తికమక ఉండదు. లక్ష్యాలు రాతలో అడగండి. "కమ్యూనికేషన్ మెరుగుపరచడం" అని రాస్తే ఒప్పుకోకండి, "పదిసార్లలో ఏడుసార్లు చూపుడువేలితో చూపిస్తాడు" లాంటిది కావాలి. మాటల కన్నా ముందు చూపు, వేలు వస్తాయి. మూడు నెలల్లో అవీ కదలకపోతే పద్ధతి మార్చమనండి.

ఇంత చెప్పినా తెలుగు వద్దంటే వేరే చోట చూసుకోండి. స్పీచ్ థెరపిస్టులకీ స్పెషల్ ఎడ్యుకేటర్లకీ ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు ఉంటుంది, ఆ నమోదు నంబరు (సీఆర్ఆర్ నంబరు) అడిగి వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు నేర్పేవాళ్ళు) ఆ పట్టికలో ఉండరు, వాళ్ళని బీఓటీ లేదా ఎంఓటీ డిగ్రీ ఎక్కడ చేశారో అడగండి.