తేనెటీగల నాదంతో సంగీతం కూర్చబోయే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

తేనెటీగల శబ్దాలను, వాటి నడవడికను ఆధారం చేసుకుని ఒక సంగీత రచన చేయాలనుకుంటున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని నీవు రాసిన ఉత్తరం అందింది. చదివి చాలా సంతోషించాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈగ రొదను వాద్యం మీద పలికించడం కొద్దిపాటి సాధన ఉన్నవారెవరైనా చేయగలరు. ఈగలు ఒకదాని సంకేతాన్ని మరొకటి ఎలా అందుకుంటాయో, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఊరుకుంటాయో గమనించి, ఆ నియమాల మీద రచనను నిలబెట్టడానికి నీ ఓపికనంతా వెచ్చించు.

ఈగ అనగానే అర్ధస్వరాల మీద పైకీ కిందికీ పరుగులు తీసే పలుకులు చేతికి వచ్చేస్తాయి. వాటిని పక్కన పెట్టు. మన చెవి పక్కనుంచి ఒంటరిగా దూసుకుపోయే కీటకాన్ని మనిషి విన్న తీరు అది. తేనెటీగ తన ఆయుష్షులో ఎక్కువ భాగం చీకటి గూటిలో, వేలాది తోటి ఈగల నడుమ, మైనపు పట్టు మీద గడుపుతుంది. పైగా గాలిలో దూరం నుంచి వచ్చే శబ్దాన్ని వినడానికి మనకున్నటువంటి చెవులు దానికి లేవు. పట్టులో పుట్టే కంపనాన్ని కాళ్లతోను, అతి దగ్గరలోని గాలి కదలికను మీసాలతోను గ్రహిస్తుంది. అందుచేత గూటిలోని సంగీతం చాలావరకు తాకిడి ద్వారా అందే సంగీతమని గుర్తుంచుకో. వీలుంటే వాద్యకారులను, శ్రోతలను ఒకే చెక్క వేదిక మీద కూర్చోబెట్టు. మంద్రస్థాయి తీగల కంపనం వారి పాదాలకు తెలియాలి.

ఇక రచన అడుగున ఎడతెగక సాగే మూలనాదం సంగతి. ఎగురుతున్న శ్రామిక ఈగ రెక్కలు సెకనుకు సుమారు 230 సార్లు కొట్టుకుంటాయి. ‘ఎ’ స్వరానికి 440 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) అనే ప్రమాణంలో చూస్తే అది పియానో మీద మధ్య ‘సి’కి కింద ఉండే ‘బి ఫ్లాట్’కు ఒక పిసరు తక్కువ. పోతుటీగ (మగ ఈగ) ఒళ్లు పెద్దది కనుక దాని రొద ఇంకా మంద్రంగా ఉంటుంది. అయితే గూటి నాదం ఒకే స్వరం కాదు. ప్రతి ఈగ పౌనఃపున్యం పక్కదానికంటే కొద్దిగా తేడాగా ఉండటం వల్ల, ఆ తేడాల నుంచి విస్పందనాలు, అంటే నాదం పెరుగుతూ తగ్గుతూ వచ్చే అలలు, పుట్టి, నాదం మొత్తం లోలోపల కదులుతూ ఉంటుంది. పన్నెండు తీగ వాద్యాలు నీ చేతిలో ఉంటే వాటన్నింటినీ అచ్చంగా ఒకే శ్రుతికి బిగించవద్దు. ఒక్కొక్కదాన్ని ఒకటి రెండు హెర్ట్జ్‌ల తేడాతో, ఆ తేడాలు కూడా సమానంగా లేకుండా ఉంచి, కంపితం (వేలితో స్వరాన్ని వణికించడం) లేని పొడవైన కమానులతో వాయించమను. కదలిక దానంతటదే వస్తుంది. వేళ్లతో కల్పించవలసిన పని లేదు.

రికార్డింగు కోసం ఈగలు పెంచేవారితో కలిసి మాత్రమే పెట్టె దగ్గరకు వెళ్లు. కంపనాన్ని పట్టే కాంటాక్ట్ మైకును పెట్టె పక్కపలకకు బయటనుంచే అంటించడం మంచిది. లోపల ఏ వస్తువు పెట్టినా ఈగలు కొద్ది కాలంలోనే చెట్ల జిగురుతో, మైనంతో దాన్ని పూసేస్తాయి. పెట్టె తెరిచేందుకు పెంపకందారులు పొగ పెట్టిన తరువాత వినిపించే రొద వాటి మామూలు రొద కాదు కనుక, పెట్టె తెరిచిన రోజు రికార్డింగును మామూలు రోజుల రికార్డింగుతో కలపవద్దు. ప్రతి రికార్డింగుకూ వేళ, ఎండ, గాలి, పెట్టెలో రాణి ఉన్నదీ లేనిదీ రాసిపెట్టుకో. రాణి లేని గూటి నుంచి వచ్చే ఎడతెగని మూలుగును అనుభవం ఉన్న పెంపకందారులు పెట్టె తెరవకుండానే పసిగడతారు. వారు ఆ తేడా వినిపిస్తే శ్రద్ధగా విను. నాటకీయమైన ధ్వని కావాలని పెట్టెను తట్టడం, స్పీకరు పెట్టి వాటికి శబ్దాలు వినిపించడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. మన రచన కోసం వాటి పని చెడగొట్టే హక్కు మనకు లేదు.

గూటిలో నిజంగా ‘పాట’ అనదగినది రాణుల పిలుపు. గుంపు విడిపోయే కాలంలో ముందుగా తాను పెరిగిన మైనపు అర చీల్చుకుని బయటకు వచ్చిన కొత్త రాణి పట్టుకు ఛాతీని అదిమిపెట్టి, రెక్కలను చాపకుండానే ఎగిరే కండరాలను కంపింపజేస్తుంది. మొదట దాదాపు సెకను పాటు సాగే ఒక పొడవైన ధ్వని, దాని వెంట చిన్న చిన్న ధ్వనుల వరుస. సుమారు 400 హెర్ట్జ్ దగ్గర పలికే ఈ బాకాలాంటి పిలుపు వినగానే చుట్టుపక్కల శ్రామిక ఈగలు ఉన్నచోటే కదలక నిలిచిపోతాయి. ఇంకా అరల్లోనే మూసి ఉన్న ఇతర రాణులు దానికి బదులుగా, అంతకంటే కాస్త దిగువ స్థాయిలో, పొట్టిగా తెగిపోయే ధ్వనులు చేస్తాయి. 17వ శతాబ్దపు తొలినాళ్లలోనే చార్లెస్ బట్లర్ అనే ఇంగ్లండు మతాచార్యుడు ఈ పిలుపులను సంగీత లిపిలో రాశాడు. 1623 నాటి ముద్రణలో వాటి ఆధారంగా నాలుగు గొంతుల పాట కూడా కూర్చాడు. నీవు ఈ భాగం రాసేటప్పుడు పిలిచే వాద్యం ఒక్కటే శ్రోతలకు కనబడనివ్వు, బదులు పలికేవాటిని తెరచాటున ఉంచు. పిలుపు వినగానే మిగిలిన మూలనాదం మొత్తం ఆగాలి. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి నింపవద్దు.

మేత ఎక్కడుందో తోటి ఈగలకు తెలిపే నృత్యం గురించి నీకు తెలిసే ఉంటుంది. దాని అర్థాన్ని విడమరచిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. నిటారుగా వేలాడే పట్టు మీద ఈగ ఒళ్లు ఊపుతూ తిన్నగా నడిచి, ఒకసారి కుడివైపు, తరువాత ఎడమవైపు చుట్టి మొదటికి వస్తుంది. ఊపే నడక ఎంతసేపు సాగితే మేత అంత దూరం. సుమారుగా సెకనుకు ఒక కిలోమీటరు లెక్క. పట్టు మీద పైదిక్కును సూర్యుడి దిక్కుగా తీసుకుని, ఆ గీతకు ఎంత కోణంలో నడిస్తే బయట సూర్యుడికి అంత కోణంలో మేత ఉన్నట్టు. సూర్యుడు జరుగుతున్న కొద్దీ పట్టు మీది కోణమూ జరుగుతుంది. ఇందులో సంగీతానికి పనికివచ్చేవి రెండు ఉన్నాయి: అర్థమున్న కాలవ్యవధి, ఎవరూ మార్చకుండానే మెల్లగా మారే కోణం. వ్యవధిని ఊపును సూచించే పలుకు పొడవుకు ఇవ్వు. కోణాన్ని స్వరస్థానానికి ఇచ్చి, రచన సాగినంతసేపూ అతి నెమ్మదిగా జరగనివ్వు. ఒకసారి ఎంచుకున్న కొలతను మధ్యలో వినసొంపు కోసం మార్చవద్దు. మార్చావంటే అది ఈగల లెక్క కాకుండా పోతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది కొత్త ఇల్లు వెతుక్కునే గుంపు నిర్ణయం. తేనెటీగల శాస్త్రవేత్త మార్టిన్ లిండౌర్ 1950లలో మొదలుపెట్టిన ఈ పరిశీలనను తరువాత మరో శాస్త్రవేత్త థామస్ సీలీ ఎంతో ముందుకు తీసుకువెళ్లాడు. కొమ్మకు వేలాడే గుంపు నుంచి కొన్ని ఈగలు వెళ్లి చెట్టు తొర్రలు చూసి వస్తాయి. మంచి చోటు చూసిన ఈగ ఎక్కువ చుట్లు నర్తిస్తుంది, కానీ మళ్లీ వెళ్లివచ్చిన ప్రతిసారీ తన చుట్లు తగ్గించుకుంటుంది. ఒక చోటును చూసి వచ్చిన ఈగలు మరో చోటు కోసం నర్తించేవాటిని తలతో పొడిచి, ఒక చిన్న ‘బీప్’తో ఆపజూస్తాయి. ఏదో ఒక చోట ఇరవై ముప్పై ఈగలు ఒకేసారి చేరితే నిర్ణయం అయిపోయినట్టే. అప్పుడు అవి తిరిగివచ్చి గుంపులోకి దూరి, పైస్థాయికి ఎగబాకే సన్నని కూతతో మిగిలినవాటిని హెచ్చరిస్తాయి. అవన్నీ ఎగిరే కండరాలను 35 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కించుకుని ఒక్కసారిగా లేస్తాయి.

ఈ వరుసనే నీ రచనకు నడకగా తీసుకోమని గట్టిగా చెబుతున్నాను. ప్రతి వాద్యకారుడికీ ఒక చిన్న పలుకు ఇవ్వు. ఎన్నిసార్లు పలకాలో మొదట అతనే నిర్ణయించుకుంటాడు. తిరిగి వచ్చిన ప్రతిసారీ తగ్గించుకోవాలి. వేరే పలుకు వాయిస్తున్నవాడిని ఒక పొట్టి ధ్వనితో ఆపే అధికారం ప్రతివాడికీ ఉండాలి. నిర్దేశకుడు వద్దు. వేడెక్కిన గూటికి రెక్కలతో గాలి విసిరే ఈగలు కూడా అన్నీ ఒకేసారి మొదలుపెట్టవు. ఒక్కొక్కదానికి వేడి భరించే హద్దు వేరుగా ఉండటం వల్ల ఒకదాని వెంట ఒకటి చేరి, గూడు చల్లబడుతున్న కొద్దీ అలాగే ఒక్కొక్కటిగా విరమిస్తాయి. మూలనాదంలోకి వాద్యాలు ప్రవేశించేటప్పుడు ఈ పద్ధతి పాటించు. పెరుగుదల మెట్లుమెట్లుగా కాకుండా జారుడుగా ఉంటుంది.

రికార్డు చేసిన శబ్దాన్ని ప్రదర్శనలో వినిపించాలా అని అడిగావు. 2015 మిలాన్ ప్రపంచ ప్రదర్శనలో బ్రిటన్ మంటపం ఒక నిజమైన గూటి కంపనాలను బట్టి వెలుగును, ధ్వనిని మార్చేలా కట్టారు. 2016లో దాన్ని లండన్ క్యూ ఉద్యానానికి తరలించారు. అక్కడ గూడే రచనను నడిపిస్తుంది కనుక ఆ ధ్వనికి అర్థం ఉంది. గూడు ఏమీ నిర్ణయించని చోట రికార్డింగు వట్టి అలంకారంగా మిగిలిపోతుంది. నీ రచనలో నియమాలే ఆ పని చేస్తాయి కాబట్టి, రికార్డింగును శ్రుతి సరిచూసుకోవడానికి, సాధనకు ముందు వాద్యకారులకు వినిపించడానికి వాడుకుంటే చాలు.

ముందు ఆరుగురితో ప్రయత్నించు. అంతకంటే తక్కువమంది ఉంటే ఒప్పందం మరీ త్వరగా కుదిరి, పోటీ వినిపించదు. నియమాలన్నీ ఒక్క పేజీలో రాసి, స్వరలిపి కంటే ముందు ఆ పేజీని నాకు పంపు. ఆపే సంకేతం ఎన్నిసార్లు వాడవచ్చో అందులో తప్పకుండా రాయి, ఎందుకంటే సాధనలో మొదట అదుపు తప్పేది ఆ సంకేతమే.