పురుగులు గుంపు కట్టే లెక్క: శ్రావణికి బాబాయి ఉత్తరం

చి. శ్రావణికి,

ప్రాజెక్టుకి పురుగుల గుంపులు తీసుకున్నావని తెలిసి సంతోషం వేసింది. పురుగుల్ని కంప్యూటర్లో కదిలించి చూడ్డానికి నువ్వు రాసి పంపిన కోడ్ చూశాను. శుభ్రంగా రాశావు గానీ అందులో ఒక దొంగ లైను ఉంది. పక్కన ఎన్ని పురుగులుంటే అన్ని మార్కులని నువ్వే పెట్టేశావు. ఇక అవి గుంపు కట్టక ఏం చేస్తాయి? ఎమ్మెస్సీలో నేనూ ఇదే చేశాను. మా మాస్టారు చూసి ఒకటే అడిగారు: "నీ పురుగులు ఎప్పుడు గుంపు కట్టవో చెప్పు." నోట మాట రాలేదు.

మన పెరట్లో మునగచెట్టు గుర్తుందిగా? పగలంతా మాను మొదట్లో, తువ్వాలు చుట్టినట్టు బొంతపురుగులు అతుక్కుని ఉండేవి. రాత్రికి పైకెక్కి ఆకు తినేవి. అవి ఒకచోట ఎందుకున్నాయంటే తల్లి గుడ్లన్నీ గుత్తిగా పెట్టిందని, అంతే కావచ్చు. అందుకే ముందు గుంపు వల్ల లాభం ఊసెత్తని మోడల్ ఒకటి రాయి. గుడ్లు ఒకచోట, మేత ఒకచోట, ఏ పురుగుకీ పక్కదాని సంగతి పట్టదు. అందులోనూ గుంపు కనిపిస్తుంది. దానికంటే నీ మోడల్ అదనంగా ఏం చెబుతుందో అదే నీ ప్రాజెక్టు.

తర్వాత ప్రాణభయం. 1971లో హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త ఒక చెరువు చుట్టూ కప్పల్ని ఊహించుకున్నాడు. పాము వచ్చే వేళకి ప్రతి కప్పా మరో రెండింటి మధ్యకి దూరిపోవాలని చూస్తుంది. ఎవరి ప్రాణం వాళ్లకి తీపి. అలాగే నువ్వూ స్కోరు గుంపుకి వేయకు, ఒక్కో పురుగుకి వెయ్యి.

శత్రువు వచ్చినప్పుడల్లా ఒక్కటే పోతుందనుకో. వంద పురుగుల గుంపు ఒంటరిదానికంటే వందరెట్లు ఎక్కువగా శత్రువు కంట పడితే లాభం సున్నా. నాలుగు రెట్లే ఎక్కువగా పడితే, ఒక్కోదాని ప్రమాదం ఇరవై అయిదో వంతుకి దిగుతుంది. గలపాగస్ దీవుల దగ్గర సముద్రం మీద తేలే పురుగుల్లో ఫోస్టర్, ట్రెహెర్న్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1981లో చూపించింది ఇలాంటిదే. చేపలు కిందినుంచి వస్తాయి. గుంపు పెరిగినా దాడులు పెద్దగా పెరగలేదు, ఒక్కోదాని వంతు మాత్రం తగ్గింది.

వచ్చినప్పుడల్లా ఎన్ని పోతాయన్నది మాత్రం తప్పకుండా మార్చి చూడు. మీ తాతయ్య కర్రకి పాతగుడ్డ చుట్టి, కిరసనాయిల్లో ముంచి, వెలిగించి ఆ మాను మీద తిప్పేవారు. రెండు నిమిషాల్లో అన్నీ రాలిపోయేవి. కొమ్మకొకటిగా ఉంటే ఆయనకి సాయంత్రమంతా పట్టేది. కడుపు నిండడమంటూ లేని శత్రువు ముందు గుంపే కొంప ముంచుతుంది.

ఇంటి బల్లి సంగతి వేరు, దానికి కడుపు నిండుతుంది. తొలకరి వాన పడ్డ సాయంత్రం ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్ళు ముసురుకుంటే, బల్లి కాసేపు ఆబగా తిని, తర్వాత ముక్కు మీద వాలినా కదలదు. అది రాత్రికి 20 తింటుందనుకో. 1,000 ఉసిళ్ళు రోజుకి 20 చొప్పున బయటికొస్తే యాభై రాత్రుల్లో ఒక్కటీ మిగలదు. ఒకేరోజు వస్తే 980 మిగులుతాయి. అయితే తొందరపడకు. తడిసిన మట్టి తవ్వుకోవడం తేలిక, వేరే పుట్టల జోడూ ఆ రోజే దొరుకుతుంది. మోడల్‌లో బల్లిని తీసేసి చూడు. అయినా అన్నీ ఒకే రోజు వస్తుంటే ఆ ఘనత బల్లిది కాదు.

ఇంకొకటి. ఎందుకు గుంపు కడతాయన్నది వేరు, ఎలా కడతాయన్నది వేరు. రెండూ కలపకు. ద్యునెబూర్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో 50 బొద్దింకలకి మూడు గూళ్ళు ఇచ్చారు, ఒక్కోటి నలభైకి సరిపోతుంది. అవి 25, 25గా రెండింట్లో సర్దుకుని మూడోది ఖాళీగా వదిలేశాయి. గూడు యాభైకి మించి పెద్దదైతే అన్నీ ఒక్కదాంట్లోనే. చుట్టూ తనవాళ్ళు ఎక్కువైతే లేచి వెళ్ళాలనిపించదన్న ఒక్క నియమంతో, చోటు ఇంతేనన్న పరిమితితో ఆ లెక్క వచ్చేస్తుంది. నీ కోడ్‌లో కూడా అంత పొట్టి నియమమే పెట్టు.

ఆ దొంగ లైను తీసేసి వంద సార్లు నడిపి, ఆదివారం ఫోన్ చెయ్యి. గుంపులు రాకపోతే ఇంకా ముందే చెయ్యి, నాకూ చూడాలనుంది.

ఆశీస్సులతో,
బాబాయి