కాలేజీ కంటే ముందు ఆసుపత్రిని చూడు

చి. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదనీ, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పోనని నువ్వు తెగేసి చెప్పావనీ, నర్సింగ్ చేస్తానంటున్నావనీ అంది. మంచి మాటే. మీ ముందు మూడు దారులున్నాయట: మీ ఊరికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ మేనేజ్‌మెంట్ సీటు, గవర్నమెంటు స్కూల్లో జీఎన్ఎం, బెంగళూరులో ఎవరో ఏజెంటు ఇప్పిస్తానంటున్న బీఎస్సీ. ఏది మంచిదో చెప్పమంది. ఫోన్లో చెబితే సగం మీ నాన్న దాకా చేరేలోపే మారిపోతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు కోర్సుల సంగతి. ఏఎన్ఎం రెండేళ్లు, అది సబ్ సెంటర్లలో టీకాలు, గర్భిణుల సేవ కోసం పెట్టింది, నీ లెక్కలోకి రాదు. జీఎన్ఎం మూడేళ్ల డిప్లొమా. ఇంటర్ ఏ గ్రూపు చదివినా చేరొచ్చు, 40 శాతం మార్కులుంటే చాలు. బీఎస్సీ నాలుగేళ్ల డిగ్రీ. దానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి, మార్కులు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. రెండు కోర్సులు చేసినవాళ్లకీ నర్సింగ్ కౌన్సిల్లో ఇచ్చే రిజిస్ట్రేషన్ ఒకటే: రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. వార్డులో పేషెంటు దగ్గర నిలబడ్డాక ఎవరు డిప్లొమా, ఎవరు డిగ్రీ అని ఎవరూ అడగరు. నా సర్వీసులో నేను చూసిన గట్టి నర్సుల్లో సగం మంది జీఎన్ఎం వాళ్లే.

అయినా నీకు మాత్రం బీఎస్సీయే చెప్తాను. బైపీసీ చదివి, మార్కులుండి జీఎన్ఎంకు వెళ్లడం దేనికి? తర్వాత డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ అని మళ్లీ రెండేళ్లు చదవాలి. మూడూ రెండూ ఐదేళ్లు. నేరుగా చేరితే నాలుగేళ్లలో అయిపోయేది. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ అనే పరీక్ష పెడతారు. బీఎస్సీ పాసై రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు వెంటనే రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లు మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసినట్టు చూపించాలి. ఆ ఉద్యోగంలో కేంద్ర జీతాల లెవెల్ 7 ప్రకారం మూలవేతనమే నెలకు 44,900. బయట ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన పిల్లల చేతికి అందులో సగం కూడా రాదు. ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా నర్సు జీతం 20,000కు తగ్గకూడదని కేంద్రం వేసిన కమిటీ 2016లోనే చెప్పింది. చెప్పడం వరకే, అమలు చేసేవాళ్లు ఏరీ. ఇక పాఠాలు చెప్పే వైపు పోవాలనిపిస్తే ఎమ్మెస్సీ కావాలి, దానికి బీఎస్సీలో 55 శాతం, ఒక ఏడాది అనుభవం అడుగుతారు.

జీఎన్ఎం తీసేస్తారట, అందులో చేరితే మునిగిపోతావని మీ మామయ్య అన్నాడట. ఆ మాట నేను ఏళ్ల తరబడి వింటున్నాను, కోర్సు నడుస్తూనే ఉంది. ఆ భయంతో నిర్ణయం తీసుకోకండి.

నీట్ రాశావు కాబట్టి ఇంకో రెండు చోట్ల కూడా అప్లై చెయ్యి. మిలిటరీ నర్సింగ్ సర్వీసు వాళ్ల బీఎస్సీకి నీట్ మార్కులు తీసుకుంటున్నారు. పెళ్లికాని అమ్మాయిలకే, దేశం మొత్తానికి 220 సీట్లు. చదువు ఖర్చు వాళ్లదే, పాసయ్యాక లెఫ్టినెంట్‌గా తీసుకుంటారు, సర్వీసు చేస్తానని బాండు రాసివ్వాలి. పుదుచ్చేరి జిప్‌మర్ కూడా నీట్ మార్కులతోనే బీఎస్సీ సీట్లు ఇస్తోంది. వస్తాయని కాదు, అప్లికేషన్ పడేస్తే పోయేదేముంది?

ఇప్పుడు అసలు మాట. పై లెక్కలన్నీ కాలేజీ వెనక సరైన ఆసుపత్రి ఉంటేనే పనికొస్తాయి. ఖాళీ ఆసుపత్రి పెట్టుకుని నడిపే కాలేజీలో బీఎస్సీ చెయ్యడం కంటే, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో జీఎన్ఎం చెయ్యడం వెయ్యి రెట్లు నయం. బీఎస్సీయే అని పట్టుబట్టే నేనే ఈ ఒక్కచోట మాట మారుస్తాను.

ఎందుకో చెప్తా. క్యాజువాలిటీలో ఉన్నప్పుడు ఒక రాత్రి లారీ గుద్దిన మనిషిని తెచ్చారు. రక్తం కారుతోంది, బీపీ పడిపోతోంది. పక్కనే కొత్తగా చేరిన అమ్మాయిని ‘గ్రీన్ కాన్యులా తే’ అన్నాను. కాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలోకి పెట్టే సన్నటి గొట్టం సూది, సైజును బట్టి రంగు ఉంటుంది. ట్రే దగ్గరికి వెళ్లి పింక్ తెచ్చింది. మార్కులు చూస్తే ఫస్ట్ క్లాసు. ఆకుపచ్చది 18 గేజి, పెద్ద సూది, సెలైన్ గబగబా ఎక్కాలంటే అది కావాలి. పింక్ 20, బ్లూ 22, చంటిపిల్లలకు పసుపుపచ్చది 24. ఆ అమ్మాయికి ఈ నంబర్లన్నీ పుస్తకంలో వచ్చు, చేత్తో పట్టుకోలేదంతే. నాలుగేళ్లలో ఎన్ని కాన్యులాలు పెట్టావమ్మా అని తర్వాత అడిగితే, మా కాలేజీలో ఎక్కువ బొమ్మ చేతి మీదే సిస్టర్ అంది. తాము చేసిన కాన్పులు రాసుకోవాల్సిన కేస్ బుక్ సంగతీ అంతే, సీనియర్ల బుక్కు చూసి రాసుకున్నారట. ఆ పిల్ల తప్పేం లేదు. ఆరు నెలలు మా దగ్గర కష్టపడి నేర్చుకుంది. కానీ ఆ ఆరు నెలలూ ఎంత అవమానపడిందో నాకు తెలుసు.

నర్సింగ్ కాలేజీకి సొంతంగా వంద పడకల ఆసుపత్రి ఉండాలనీ, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలనీ, అనుబంధ ఆసుపత్రులు ముప్పై కిలోమీటర్ల లోపే ఉండాలనీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు. కాగితాల మీద అందరికీ ఉంటాయి. అందుకే మీ నాన్నా నువ్వూ ఒక మంగళవారమో బుధవారమో పొద్దున పదింటికి, అడ్మిషన్ వాళ్లకు చెప్పకుండా, ఆ కాలేజీ ఆసుపత్రికి వెళ్లండి. కాలేజీ భవనం, ఏసీ సెమినార్ హాలు చూడక్కర్లేదు. ఓపీలో క్యూ ఉందా? మెడికల్ వార్డులో మంచాల మీద మనుషులున్నారా, మడతపెట్టిన దుప్పట్లున్నాయా? సెలైన్ స్టాండ్లకు సీసాలు వేలాడుతున్నాయా? లేబర్ రూమ్ బయట కుర్చీల్లో అత్తలు, అమ్మలు ఫ్లాస్కులు పట్టుకుని కూర్చున్నారా? నెలకు ఎన్ని కాన్పులవుతాయని అక్కడి ఆయమ్మని అడగండి, ఆవిడ నిజం చెప్తుంది. యూనిఫాంలో ఉన్న ఫైనలియర్ పిల్ల కనబడితే టీ తాగించి ‘నైట్ డ్యూటీలు ఎక్కడ వేస్తారు, ఐసీయూలో ఎన్నాళ్లు పోస్టింగ్, సైకియాట్రీకి ఎక్కడికి తీసుకెళ్తారు’ అని అడుగు. తడుముకోకుండా చెబితే మంచిదే. అటూ ఇటూ చూసిందంటే అర్థం చేసుకో.

మీ ఊరి దగ్గరి కాలేజీని నేను చూడలేదు, చెడ్డదనడం లేదు. చూసి రండి.

కౌన్సెలింగ్ గురించి. మన దగ్గర బీఎస్సీ సీట్లు విజయవాడ హెల్త్ యూనివర్సిటీ, అదే డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇస్తుంది. తెలంగాణ వాళ్లకు వరంగల్‌లో కాళోజీ యూనివర్సిటీ. ఒకప్పుడు ఇంటర్ మార్కులు చూసి ఇచ్చేవాళ్లు, తర్వాత ఈఏపీసెట్ ర్యాంకు అన్నారు. పద్ధతులు మారుతుంటాయి కాబట్టి పక్కింటి అక్క రెండేళ్ల కింద ఎలా చేరిందో నీకు పనికిరాదు. యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఈ ఏటి నోటిఫికేషన్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నువ్వే చదువు. మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు కట్టమని తొందరపెడతారు. కన్వీనర్ కోటా మొదటి రౌండ్ అయ్యేదాకా రూపాయి కూడా కట్టొద్దని మీ నాన్నకు చెప్పు. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆప్షన్లు పెట్టేటప్పుడు గవర్నమెంటు కాలేజీలన్నీ పైన పెట్టు, గుంటూరు, కర్నూలు, విశాఖ ఏదైనా సరే, దూరమని వెనక్కి నెట్టకు. హాస్టల్లో ఏడుపు మొదటి నెలే.

సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దుకో. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్. పేరు స్పెల్లింగు అన్నిటిలో ఒకేలా ఉందో లేదో చూడు. టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ఇప్పుడే దిద్దించు, లేకపోతే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దగ్గర, పాస్‌పోర్టు దగ్గర మళ్లీ మళ్లీ తగులుతుంది. ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసి పెట్టుకో, ఇచ్చినట్టు రసీదు అడుగు. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్స్ తొక్కిపెట్టే కాలేజీలున్నాయి, పిల్లలు ఉద్యోగం వచ్చినా చేరలేక తిరగడం కళ్లారా చూశాను.

బెంగళూరులో మంచి కాలేజీలు లేవని కాదు, బోలెడున్నాయి. కానీ ఏజెంటు చూపించేవి సాధారణంగా అవి కావు. అక్కడ చదివినా మన రాష్ట్రంలో ఉద్యోగం చెయ్యాలంటే మన కౌన్సిల్‌కు రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి. కాలేజీ పేరు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో లేకపోతే అక్కడ ఇరుక్కుంటావు. ‘క్లాసులకు రాకపోయినా పరవాలేదు, పరీక్షకు వస్తే చాలు’ అన్నాడట కదా ఆ ఏజెంటు. ఆ ఒక్క మాటతో అతని నంబరు బ్లాక్ చెయ్యొచ్చు.

చేరాక మొదటి సెమిస్టర్ నుంచే మార్కులు చూసుకో. మన ఆంధ్రాలో స్టాఫ్ నర్సు పోస్టులకు చాలాసార్లు రాత పరీక్షే ఉండదు. కోర్సులో అన్ని ఏళ్ల మార్కులూ కలిపి 75కి లెక్కగడతారు, మిగతాది పాసై ఎన్నాళ్లయింది, కాంట్రాక్టులో ఎంత చేశావు అన్నదానికి. అనాటమీలో తప్పి సప్లిమెంటరీ రాస్తే, ఆ దెబ్బ ఏళ్ల తర్వాత మెరిట్ లిస్టులో కనబడుతుంది. తెలంగాణలో వేరు, 2023లో ఐదు వేలకు పైగా పోస్టులకు 80 మార్కుల పరీక్ష పెట్టి, కాంట్రాక్టు సర్వీసుకు 20 దాకా కలిపారు.

విదేశాల గురించి మీ నాన్న బాగా అడుగుతున్నాడట. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్‌కు జీఎన్ఎం అయినా బీఎస్సీ అయినా దారి ఒకటే: ఇంగ్లీషు పరీక్ష, కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష, అక్కడికెళ్లాక ప్రాక్టికల్. జర్మనీకైతే వాళ్ల భాష బీ2 అనే స్థాయి దాకా రావాలి, అది కోర్సుతో పాటు నేర్చుకునేంత తేలిక కాదు. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష పాసైనా వీసా కోసం ఏళ్లు ఎదురుచూడాలి. గల్ఫ్ దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2015లో కేంద్రం నిబంధన పెట్టింది, మనకు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నాయి. లక్షలు కట్టించుకుని పంపిస్తామనేవాళ్ల దగ్గరికి పోకండి. ఎక్కడికైనా అడిగేది అనుభవం, మధ్యలో గ్యాప్ లేకుండా. పాసవగానే ఒక పెద్దాసుపత్రిలో రెండేళ్లు కూర్చో, దేశాల సంగతి తర్వాత.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమోనని నీకు టెన్షన్ అట. తిరుగుతాయి. గోడకి ఆనుకుని కూర్చో, లేచి మళ్లీ వెళ్లు. రెండో వారానికి తగ్గిపోతుంది. నైట్ డ్యూటీలంటే పెళ్లి సంబంధాలు రావని మీ నాయనమ్మ దిగులు. నా పెళ్లి అయింది, మా బ్యాచ్ వాళ్లందరివీ అయ్యాయి, ఆవిడకి ఆ సంగతి గుర్తు చెయ్యి.

ఈ వారంలో చెయ్యాల్సింది మూడే. సర్టిఫికెట్ల పేర్లు సరిచూడు. మీ ఊరి దగ్గరి ఆ కాలేజీ ఆసుపత్రికి వెళ్లి చూసిరా. వెబ్ ఆప్షన్లు లాక్ చేసే ముందు రోజు లిస్టు ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, ఏ కాలేజీ పిల్లలు ఏ ఆసుపత్రికి పోస్టింగ్‌కి వెళ్తారో నాకు చాలా వరకు తెలుసు, పైకీ కిందికీ మార్చి పంపిస్తాను. రాత్రి తొమ్మిది దాటాక పంపితే మాత్రం పొద్దునే చూస్తా.

మీ పెద్దమ్మ,
గుంటూరు