సంతకానికి ముందు పడకలు లెక్కపెట్టు

చి. స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నర్సింగు కాలేజీ పిల్లల్ని ఆసుపత్రి వార్డుల్లో శిక్షణకి పంపే క్లినికల్ పోస్టింగుల బాధ్యత నీకిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది. వచ్చే వారమే ఆసుపత్రితో ఎంఓయూ, అదే ఒప్పందం, అనేసరికి మాత్రం గుండె దడదడలాడింది. అంత తొందరేమిటే?

నర్సింగ్ కౌన్సిల్ కాగితాలు, ఫీజులు ఆఫీసువాళ్లు చూసుకుంటారు. ఒక్క ఆసుపత్రితో అన్నీ జరగవు; మానసిక నర్సింగుకి విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి, కాన్పులకి ఘోషాసుపత్రి ముందే అడిగి ఉంచు.

నువ్వు పొద్దున్నే వెళ్లి వార్డు చూడు. బోర్డు మీది పడకల అంకె నీకక్కర్లేదు, పడకల మీద మనుషులు ఎంతమందో కావాలి. 30 పడకల వార్డు 75 శాతం నిండితే 22 మంది. విద్యార్థినికి ముగ్గురు రోగుల చొప్పున ఏడుగురు పిల్లలకే చోటు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ‘మా పిల్లలు 40 మంది’ అని రాయించుకుంటారు, ఆ వార్డుకే ఇంకెన్ని కాలేజీలు వస్తున్నాయో అడగరు. ఇక చూడు, ఒకే ముసలమ్మ చేతికి గంటలో ఎనిమిదిసార్లు బీపీ కఫ్. చెయ్యి కందిపోయి ఆవిడ కసురుకుంటుంది. తొమ్మిదో పిల్ల పక్కదాని పుస్తకం చూసి 130/80 ఎక్కించేస్తుంది. అబద్ధం రాయడం ఆ పిల్లకి మనమే నేర్పినట్టు! మిగిలినవాళ్లు శాంపిళ్లు మోసుకుంటూ ల్యాబుకీ వార్డుకీ తిరుగుతారు. సిస్టర్ ఇన్‌చార్జిని అనకు, ఆవిడ డ్యూటీ ఆవిడకే తెమలదు.

అందుకని అన్ని కాలేజీలూ కలిపి ఏ వార్డుకి, ఏ షిఫ్టుకి ఎందరు మించకూడదో రాయించు. పదిమందికో ట్యూటర్, అదీ వార్డులోనే, క్యాంటీన్లో కాదు. పిల్లలు చేసిన పనులు రాసుకునే ప్రొసీజర్ బుక్కులో సంతకం ట్యూటర్‌దా, సిస్టర్‌దా ముందే తేల్చుకో. బదులుగా వాళ్ల స్టాఫుకి మీరు క్లాసులు చెబుతామనండి. ఉత్త చేతులతో వెళితే మొహమాటానికి ఒప్పుకుంటారంతే.

నా భయమంతా సూదులే. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకి మూడు డోసులు. పోస్టింగు వారం ముందు మొదలెడితే ఏం లాభం? సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడగాలి, వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా మందు గంటల్లోనే పడాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. రాత్రి రెండింటికి ఆ మందు ఎవరిస్తారు, ఖర్చు ఎవరిది? ఎంఓయూలో ఈ రెండు వాక్యాలూ లేకపోతే సంతకం పెట్టనివ్వకు.

గాజువాక నుంచి బస్సు ఆరింటికే కదలాలి. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆగిందంటే, షిఫ్టు మారేటప్పుడు రోగుల్ని అప్పగించే హ్యాండోవర్ దాటిపోతుంది. పిల్లలకి టిఫిన్ కట్టించు, ఖాళీ కడుపుతో డ్రెస్సింగ్ చూసి కళ్లు తిరుగుతాయి. నువ్వూ తిని వెళ్లు.

మీ పెద్దమ్మ